సోడియం అయాన్ బ్యాటరీ కాథోడ్ పొడికి అల్యూమినా పూత ఎలా వేయాలి? పడిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సోడియం అయాన్ బ్యాటరీల మీద పని మొదలుపెట్టిన ఎం.టెక్., పీహెచ్.డి. విద్యార్థులు రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అణుపొరలను ఒక్కొక్కటిగా పేర్చే ఖరీదైన యంత్రం లేని కళాశాల ప్రయోగశాలలో కాథోడ్ (ధన ధ్రువం) పొడికి రక్షణ పూత వేయడం సాధ్యమా అన్నది మొదటిది. పూత వేసినా సెల్ మన్నిక ఎందుకు పెరగలేదన్నది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు సులభం: సాధ్యమే. రెండవ ప్రశ్నకు జవాబు చాలాసార్లు పూతలో కాక, పూతను దేనితో పోల్చి చూశారన్న దానిలో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శినిలో పూత వేయడానికి ఎంత చోటిచ్చానో, సరిచూసుకోవడానికీ అంత చోటిచ్చాను.

పద్ధతి స్పష్టంగా ఉండడానికి ఒకే పదార్థాన్ని తీసుకుందాం. నికెల్, ఐరన్, మాంగనీస్ సమాన పాళ్ళలో ఉండే ఓ3 రకం (అణుపొరలు పేరే ఒక క్రమం) సోడియం పొర ఆక్సైడ్ అది. దీన్ని ప్రయోగశాలల్లో ఎన్‌ఎఫ్‌ఎం అంటారు. దీని సైద్ధాంతిక సామర్థ్యం గ్రాముకు సుమారు 240 మిల్లీ ఆంపియర్ అవర్లు. 2.0 నుంచి 4.0 వోల్టుల మధ్య నడిపితే ఆచరణలో గ్రాముకు సుమారు 130 వస్తుంది.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. ఈ పొడి గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఉపరితలం మీద సోడియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బొనేట్‌లను పేర్చుకుంటుంది. సెల్ లోపల ఎలక్ట్రోలైట్‌లోని ఉప్పు మిగిలిన తేమతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం కాథోడ్ నుంచి లోహ అయాన్లను కరిగించుకుపోతుంది. కొన్ని నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర ఈ రెండు దాడులనూ నెమ్మదింపజేస్తుంది. అయితే రేణువు లోపల జరిగే నిర్మాణ మార్పులను, ఎక్కువ వోల్టేజీ వద్ద ఐరన్ అయాన్లు సోడియం పొరల్లోకి జరగడాన్ని పూత ఆపలేదు. మీ సెల్ ఆ కారణాల వల్ల క్షీణిస్తుంటే ఎంత చక్కని పూత వేసినా లాభం ఉండదు. అక్కడ కావలసింది కూర్పును మార్చడం.

కావలసినవి

ఎన్‌ఎఫ్‌ఎం పొడి 30 గ్రాములు (ఒక్కో నమూనాకు 10 గ్రాములు), అల్యూమినియం ఐసోప్రొపాక్సైడ్, సీలు తీసి ఎక్కువ కాలం కానిది, తేమ తీసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 3 ఆంగ్‌స్ట్రామ్‌ల మాలిక్యులర్ సీవ్, మూత గట్టిగా బిగిసే గాజు ఫ్లాస్కులు, వేడి చేయగల మాగ్నెటిక్ స్టిర్రర్, రోటరీ ఎవాపరేటర్ (లేకపోయినా పని జరుగుతుంది), వాక్యూమ్ ఓవెన్, ఆక్సిజన్ పంపే వీలున్న ట్యూబ్ ఫర్నేస్, అల్యూమినా పడవలు, ఆర్గాన్ గ్లవ్ బాక్స్. సరిచూసుకోవడానికి పీహెచ్ మీటర్, బ్యూరెట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే యంత్రం), 0.01 మిల్లీగ్రాము వరకు చూపే తూనిక, బ్యాటరీ టెస్టర్ కావాలి. టెమ్ (అతి సూక్ష్మ వివరాలు చూపే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని), ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీది మూలకాలను గుర్తించే పరికరం) వంటివి మీ సంస్థలో లేకపోతే, కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికి ఇతర సంస్థల పరికరాలకు సమయం అడగవచ్చు.

జాగ్రత్తలను పని మొదలుపెట్టకముందే చదవండి. నికెల్ ఉన్న పొడిని పీల్చడం క్యాన్సర్ ముప్పు తెస్తుంది; తూకాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనో గ్లవ్ బాక్స్‌లోనో చేయండి. ఎలక్ట్రోడ్ కోసం రేకు మీద పరిచే చిక్కని ముద్దకు (స్లర్రీకి) వాడే ఎన్‌ఎంపీ ద్రావకం గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. సోడియం లోహానికి నిప్పంటుకుంటే నీళ్ళు గానీ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు గానీ వాడకూడదు. పొడి ఇసుకను చేతికందే దూరంలో ఉంచుకోండి.

1. ముందు మూడు నమూనాలను వేరు చేయండి

ఇది అందరూ దాటవేసే మెట్టు. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. పొడిని మూడు భాగాలు చేసి క, ఖ, గ అని పేర్లు పెట్టండి. ‘క’ను ముట్టుకోకుండా గ్లవ్ బాక్స్‌లో ఉంచండి. ‘ఖ’ను పూత పొడి లాగే ఆల్కహాల్‌లో కలిపి, ఆరబెట్టి, ఫర్నేస్‌లో వేడి చేయండి, కానీ అల్యూమినియం సమ్మేళనం వేయకండి. ‘గ’కు పూర్తి పూత వేయండి.

ఎందుకింత శ్రమ? ఆక్సిజన్ ప్రవాహంలో వేడి చేయడమే పొడిలో చేరిన తేమను తరిమివేసి, ఉపరితలాన్ని కొంతవరకు బాగుచేస్తుంది. ‘క’, ‘గ’లను మాత్రమే పోల్చిన వారు వేడి వల్ల వచ్చిన మేలును పూత ఖాతాలో వేసుకుంటారు. ‘ఖ’ కంటే ‘గ’ మెరుగ్గా ఉన్నప్పుడే అది పూత ఫలితం అవుతుంది.

2. ముడి పొడి స్థితిని కొలవండి

‘క’ నుంచి 1 గ్రాము తీసుకుని, మరిగించి చల్లార్చిన 50 మిల్లీలీటర్ల శుద్ధజలంలో సరిగ్గా 5 నిమిషాలు కలిపి వెంటనే వడకట్టండి. ఆ ద్రవాన్ని 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి. పీహెచ్ 8.3 దగ్గర మొదటి అంత్యబిందువు, 4.5 దగ్గర రెండవది వస్తాయి. మొదటి బిందువు వరకు పట్టిన ఆమ్లాన్ని వీ1 అని, టైట్రేషన్ ప్రారంభం నుంచి రెండవ బిందువు వరకు మొత్తం పట్టినదాన్ని వీ2 అని అనుకుందాం. వీ2 నుంచి వీ1 తీసివేస్తే కార్బొనేట్ మోల్‌లకు సమానమైన ఆమ్లం వస్తుంది; వీ1కి రెట్టింపు నుంచి వీ2 తీసివేస్తే హైడ్రాక్సైడ్‌కు పట్టినది వస్తుంది. ఈ రెండింటినీ ఆమ్ల గాఢతతో గుణిస్తే మోల్‌లు తెలుస్తాయి.

నీరు రేణువు లోపలి నుంచి కూడా సోడియంను లాగుతుంది కాబట్టి ఈ సంఖ్య కచ్చితమైన విలువ కాదు, పోలికకు పనికివచ్చే కొలత మాత్రమే. మూడు నమూనాలకూ నీరు, సమయం, కలిపే వేగం ఒకేలా ఉండాలి.

లిథియం బ్యాటరీలలో నికెల్ ఎక్కువగా ఉండే కాథోడ్లను కొన్నిచోట్ల నీటితో కడుగుతారు. అది చూసి సోడియం పొర ఆక్సైడ్‌ను కడగవద్దు. సోడియం అయాన్ల స్థానంలో ప్రోటాన్లు చేరి, పొడి ఆ కడుగుడులోనే దెబ్బతింటుంది.

3. ఎంత పూత కావాలో లెక్క వేయండి

1 గ్రాము అల్యూమినా రావడానికి సుమారు 4 గ్రాముల అల్యూమినియం ఐసోప్రొపాక్సైడ్ కావాలి. అంటే 10 గ్రాముల పొడికి 1 శాతం పూత (0.1 గ్రాము) కావాలంటే 0.40 గ్రాము తూచాలి.

మందాన్ని కూడా ముందే అంచనా వేసుకోవచ్చు. ఒక గ్రాము పొడి మీది పూత బరువును, పూత సాంద్రతను ఉపరితల వైశాల్యంతో గుణించగా వచ్చిన విలువతో భాగించండి. గ్రాముకు 0.5 చదరపు మీటరు వైశాల్యం, ఘన సెంటీమీటరుకు 3 గ్రాముల సాంద్రత అనుకుంటే 1 శాతం పూత సగటు మందం దాదాపు 6.7 నానోమీటర్లు. వైశాల్యం 1 చదరపు మీటరు అయితే మందం అందులో సగమే. కాబట్టి ఎవరో ‘1 శాతం ఉత్తమం’ అన్నారని అదే అంకెను ఎత్తి వాడకండి. మీ పొడి వైశాల్యాన్ని బెట్ పద్ధతిలో (పొడి పీల్చుకునే వాయువును బట్టి వైశాల్యాన్ని లెక్కించే పద్ధతి) కొలిపించుకుని 3 నుంచి 7 నానోమీటర్ల పరిధికి సరిపడా శాతాన్ని ఎంచుకోండి. అల్యూమినా విద్యుత్తును గానీ, సోడియం అయాన్లను గానీ బాగా పోనిచ్చే పదార్థం కాదు. మందం పెరిగేకొద్దీ రక్షణ కంటే అవరోధం ఎక్కువవుతుంది.

4. ద్రావకాన్ని, ద్రావణాన్ని సిద్ధం చేయండి

మాలిక్యులర్ సీవ్‌ను 300 డిగ్రీల సెల్సియస్ వద్ద వాక్యూమ్‌లో వేడి చేసి చల్లార్చి, ఆల్కహాల్‌లో వేసి కనీసం ఒక రోజు ఉంచండి. ఆపైన తేరుకున్న ఆల్కహాల్‌ను మాత్రమే తీసుకోండి. సీవ్ నలిగిన దుమ్ము వెంట వస్తే అందులోని అల్యూమినియం తర్వాతి పరీక్షలన్నిటినీ తప్పుదారి పట్టిస్తుంది.

తూచిన అల్యూమినియం ఐసోప్రొపాక్సైడ్‌ను 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో వేసి, మూత బిగించి, 60 నుంచి 70 డిగ్రీల వద్ద కలపండి. ద్రావణం తేటగా కావాలి. గంటలు గడిచినా తెల్లని మడ్డి మిగిలితే ఆ సీసాలోని పదార్థం అంతకుముందే తేమ తగిలి పాడైందని అర్థం. వడకట్టి సర్దుకుపోవద్దు, ఎందుకంటే అప్పుడు ద్రావణంలో ఎంత అల్యూమినియం మిగిలిందో మీకు తెలియదు. కొత్త సీసా తెరవండి.

5. పొడిని కలపండి, నిదానంగా ఆరబెట్టండి

పొడిని తేట ద్రావణంలో కొద్దికొద్దిగా వేస్తూ, గది ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలు కలపండి. విడిగా నీరు చేర్చకండి. రేణువుల ఉపరితలం మీద ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు, మిగిలిన అతికొద్ది తేమ చర్యను మొదలుపెడతాయి. మిగతా భాగం వేడిలో విడిపోతుంది. నీరు చేరిస్తే చర్య రేణువు మీద కాక ద్రవంలోనే జరిగి, అల్యూమినా విడి గడ్డలుగా పేరుకుంటుంది. అయస్కాంత కడ్డీ అడుగున పొడిని నూరి రేణువులను పగలగొట్టవచ్చు, అందువల్ల వేగం తగ్గించండి; పైనుంచి తిప్పే కలపడి ఉంటే అదే మేలు.

తర్వాత రోటరీ ఎవాపరేటర్‌లో 50 డిగ్రీల దగ్గర ద్రావకాన్ని ఆవిరి చేయండి. అది లేకపోతే ఫ్యూమ్ హుడ్‌లో, పొడి నైట్రోజన్ ప్రవాహం కింద కలుపుతూనే ఆరబెట్టండి. కలపకుండా పెట్రీ డిష్‌లో వదిలేస్తే పొడి అడుక్కి చేరుతుంది, పైన తేరిన ద్రవంలోని అల్యూమినియం అంచుల వెంట తెల్లని చారలుగా మిగులుతుంది. ఆ చారలు కనిపించాయంటే పూత పొడంతటా సమానంగా పడలేదని తెలుసుకోవాలి.

చివరగా 100 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఉంచండి. ఆల్కహాల్ వాసన ఏమాత్రం ఉన్నా ఫర్నేస్‌లో పెట్టవద్దు. ఆక్సిజన్‌లో ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది.

6. వేడి చేయండి

పడవలో పలుచగా పరచి, ఆక్సిజన్ లేదా కార్బన్ డయాక్సైడ్ లేని కృత్రిమ గాలి ప్రవాహంలో, నిమిషానికి 3 నుంచి 5 డిగ్రీల చొప్పున 450 డిగ్రీలకు చేర్చి, నాలుగు గంటలు ఉంచండి. మామూలు గది గాలిలో చేస్తే కార్బొనేట్ మళ్ళీ పేరుకుంటుంది.

ఉష్ణోగ్రత విషయంలో ఒక తూకం ఉంది. మరీ తక్కువైతే సేంద్రియ భాగాలు, హైడ్రాక్సిల్ సమూహాలు మిగిలి, తర్వాత సెల్‌లో తేమకు మూలమవుతాయి. 600 డిగ్రీలు దాటేకొద్దీ అల్యూమినియం రేణువు లోపలికి చొచ్చుకుపోతుంది, ఉపరితల సోడియంతో కలిసి సోడియం అల్యూమినేట్‌గా మారుతుంది. అది చెడ్డదని కాదు, అయితే అప్పుడు మీరు చేసింది పూత కాదు, డోపింగ్ (రేణువు లోపలికి వేరే మూలకాన్ని చేర్చడం). నివేదికలో ఆ మాటే రాయాలి.

ఫర్నేస్ గది ఉష్ణోగ్రతకు చల్లారే వరకు ఆగకండి. 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఉండగానే తగిన పటకారుతో తీసి, నేరుగా గ్లవ్ బాక్స్ ముందు గదిలోకి చేర్చి వాక్యూమ్ పెట్టండి. కోస్తా జిల్లాల్లో వానాకాలపు గాలిలో కాసేపు బయట ఉంచినా, ఇంతసేపు పడిన శ్రమ చాలావరకు వృథా అవుతుంది. ‘ఖ’ నమూనాకూ ఇవే మెట్లు, ఇదే క్రమంలో జరగాలి. వీలైతే రెండు పడవలనూ ఒకేసారి ఫర్నేస్‌లో పెట్టండి.

వేరే దారులు

ఐసోప్రొపాక్సైడ్ దొరకకపోతే 20 నుంచి 50 నానోమీటర్ల అల్యూమినా పొడిని బరువులో 0.5 నుంచి 1 శాతం వరకు కాథోడ్ పొడితో పొడిగానే కలిపి వేడి చేయవచ్చు. ద్రావకం అక్కరలేదు, పరిశ్రమకు నచ్చే పద్ధతి ఇదే. కానీ పూత అంతటా పరుచుకోదు, చుక్కలుగా పడుతుంది. ఉపరితల క్షారం ఎక్కువగా ఉన్న పొడికైతే నేను అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను సిఫారసు చేస్తాను. అది మిగులు సోడియం సమ్మేళనాలను సోడియం ఫాస్ఫేట్‌గా మార్చి, సమస్యనే పూతగా చేస్తుంది. వేడిలో అమ్మోనియా వెలువడుతుంది కాబట్టి ఫర్నేస్ వాయువును ఆమ్ల ద్రావణం గుండా పోనివ్వండి.

కార్బన్ పూత వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. సోడియం వనేడియం ఫాస్ఫేట్ వంటి పదార్థాలకు అది బాగా సరిపోతుంది. పొర ఆక్సైడ్లకు మాత్రం సరిపోదు. జడ వాయువులో కార్బన్‌తో వేడి చేస్తే నికెల్, మాంగనీస్, ఐరన్ క్షయకరణం చెంది నిర్మాణం చెడిపోతుంది.

7. పూత పడిందో లేదో చూడండి

ఎక్స్‌ఆర్‌డీతో మొదలుపెట్టండి, అయితే అల్యూమినా కోసం వెతకకండి. 450 డిగ్రీల వద్ద ఏర్పడే అల్యూమినా స్ఫటికం కాదు, పైగా ఒక్క శాతమే ఉంటుంది. దాని శిఖరాలు కనిపించవు. చూడవలసింది మూల పదార్థం చెడలేదన్నదే. కాపర్ కిరణాలతో 16.5 డిగ్రీల దగ్గర ఉండే, పొరల మధ్య దూరాన్ని చూపే (003) శిఖరం ‘క’తో పోలిస్తే తక్కువ కోణం వైపు జరిగితే సోడియం పోయిందని అనుమానించాలి. 12 నుంచి 13 డిగ్రీల మధ్య కొత్త శిఖరం వస్తే పొరల మధ్యకు నీరు చేరిందేమో చూడాలి.

సెమ్‌లో (ఉపరితలాన్ని చూపే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) అల్యూమినియం ఎక్కడెక్కడ ఉందో చూపే పటం తీయించేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. నమూనాను నిలిపే దిమ్మె సాధారణంగా అల్యూమినియందే. దాని సంకేతాన్ని పూతగా పొరబడిన చిత్రాలు తక్కువేమీ కాదు. పొడిని సిలికాన్ ముక్క మీదో, మందమైన కార్బన్ టేపు మీదో పరచి, ‘ఖ’ను కూడా అదే విధంగా తీయించండి. ‘ఖ’లోనూ అల్యూమినియం కనిపిస్తే ఆ పటాన్ని పక్కన పెట్టాల్సిందే. అల్యూమినియం రేకు మీద పరచిన ఎలక్ట్రోడ్‌తో ఈ పరీక్ష చేయడం మరీ అర్థరహితం.

మొత్తం పరిమాణానికి ఐసీపీ పరీక్ష (పొడిని కరిగించి మూలకాల పరిమాణం కొలిచేది) నమ్మదగినది: 1 శాతం అల్యూమినా అంటే అల్యూమినియం లోహం 0.53 శాతం. అది సరిగ్గా వచ్చినా పూత పరుచుకుందని రుజువు కాదు, పొడిలో ఉందని మాత్రమే రుజువు. పరుచుకోవడాన్ని టెమ్ చూపాలి, అదీ ఒక్క రేణువు అంచు కాదు, వేర్వేరు చోట్ల పది రేణువులైనా చూడాలి. ఎక్స్‌పీఎస్‌లో 74 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అల్యూమినియం 2పీ శిఖరం వస్తుంది. పక్కనే నికెల్ 3పీ ఉంటుంది కాబట్టి రెండింటినీ విడదీసి చూడండి.

పరికరాలేవీ లేకున్నా చేయగల పరీక్ష ఒకటుంది. మూడు పొడులతో పీవీడీఎఫ్ (పొడిని అతికించే పాలిమర్), ఎన్‌ఎంపీ స్లర్రీలు చేసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. ఉపరితల క్షారం ఎక్కువ ఉన్న స్లర్రీ గోధుమ రంగుకు తిరిగి జెల్లీలా గడ్డకడుతుంది. ‘గ’ మాత్రం జారుతూ ఉంటే పూత తన పని మొదలుపెట్టిందన్నమాట. దీనికి తోడు రెండవ మెట్టులోని టైట్రేషన్‌ను మళ్ళీ చేయండి. తేమ తెలిసిన ఒకే పెట్టెలో మూడు పొడులనూ 24 గంటలు ఉంచి, ఎక్స్‌ఆర్‌డీ, టైట్రేషన్ రెండూ ఇంకోసారి చేస్తే గాలిని తట్టుకునే శక్తి కూడా తెలుస్తుంది.

8. సెల్‌లో పరీక్షించండి

85 పాళ్ళ పొడి, 10 పాళ్ళ వాహక కార్బన్, 5 పాళ్ళ పీవీడీఎఫ్‌తో స్లర్రీ చేసి అల్యూమినియం రేకు మీద పరచి, 110 డిగ్రీల వాక్యూమ్‌లో 12 గంటలు ఆరబెట్టండి. సీఆర్2032 (నాణెం ఆకారపు) సెల్‌లో సోడియం లోహం, గాజు నార సెపరేటర్, ప్రొపిలిన్ కార్బొనేట్‌లో 1 మోలార్ సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, అందులో 2 నుంచి 5 శాతం ఫ్లోరోఎథిలిన్ కార్బొనేట్ వాడండి. ఎలక్ట్రోలైట్ కొలత అన్ని సెల్‌లకూ ఒకటే కావాలి.

గ్రాముకు 130 మిల్లీ ఆంపియర్లను 1సీ (సుమారు గంటలో పూర్తిగా నింపే లేదా ఖాళీ చేసే వేగం) అనుకుని, మొదటి మూడు ఆవృతులు (ఛార్జ్, డిశ్చార్జ్ జతలు) 0.1సీ వద్ద, తర్వాత 0.5సీ వద్ద, 2.0 నుంచి 4.0 వోల్టుల మధ్య నడపండి. ప్రతి నమూనాకూ కనీసం మూడు సెల్‌లు ఉండాలి.

తూకం ఎంత ముఖ్యమో ఈ లెక్క చూడండి. 12 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీగ్రాముల క్రియాశీల పదార్థం ఉంటే మొత్తం 3.4 మిల్లీగ్రాములు. తూనికలో 0.1 మిల్లీగ్రాము తేడా వస్తే సామర్థ్యంలో దాదాపు 3 శాతం తేడా వస్తుంది. రేకు మందంలోని హెచ్చుతగ్గులు దీనికి అదనం. కాబట్టి ‘సామర్థ్యం 4 శాతం పెరిగింది’ అనే ముందు మీ మూడు సెల్‌ల మధ్య తేడా ఎంతుందో చూడండి. పూత వల్ల మొదటి సామర్థ్యం పెరగాలని ఆశించకండి. కొద్దిగా తగ్గడమే సహజం. లాభం కనిపించవలసింది వందో ఆవృతి తర్వాత మిగిలిన సామర్థ్యంలో, 4.0 వోల్టుల వద్ద ఛార్జ్ చేసి 45 డిగ్రీల వద్ద వారం పాటు నిల్వ ఉంచాక తిరిగి వచ్చే సామర్థ్యంలో.

9. ఫలితాన్ని చదవండి

‘గ’ మొదటి సామర్థ్యం ‘ఖ’ కంటే 5 శాతానికి మించి తగ్గి, ఎక్కువ వేగాల వద్ద ఇంకా పడిపోతుంటే పూత మందం ఎక్కువైంది. శాతాన్ని సగానికి తగ్గించి మూడవ మెట్టు నుంచి మళ్ళీ చేయండి. ‘ఖ’, ‘గ’ రెండూ ఒకేలా ‘క’ కంటే మెరుగ్గా ఉంటే మేలు చేసింది వేడి. మూడూ ఒకేలా క్షీణిస్తుంటే రెండు అవకాశాలున్నాయి. మొదటిది, క్షీణత రేణువు లోపలిది. పై వోల్టేజీని 3.8కి తగ్గించి చూడండి, తేడాలు అప్పుడు బయటపడవచ్చు. రెండవది, పాడవుతున్నది కాథోడ్ కాక ఎదురుగా ఉన్న సోడియం లోహం. హాఫ్ సెల్‌లో (కాథోడ్‌కు ఎదురుగా సోడియం లోహం ఉన్న సెల్) సోడియం మీద పేరుకునే పొర నిరోధాన్ని విపరీతంగా పెంచుతుంది, అందుకే రెండు ఎలక్ట్రోడ్ల సెల్‌లో తీసిన ఇంపిడెన్స్ గ్రాఫును పూతకు సాక్ష్యంగా చూపడం సరికాదు.

దీన్ని తేల్చుకోవడానికి పాత సెల్‌ను గ్లవ్ బాక్స్‌లో విప్పి, కాథోడ్‌ను తీసి, కొత్త సోడియం, కొత్త ఎలక్ట్రోలైట్‌తో మళ్ళీ కూర్చండి. సామర్థ్యం తిరిగి వస్తే తప్పు సోడియానిది. విప్పాక మిగిలిన సోడియం ముక్కలను ఫ్యూమ్ హుడ్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్కొక్కటిగా వేసి, బుడగలు పూర్తిగా ఆగే వరకు ఉంచాకే పారవేయండి. ఆ తర్వాత సోడియం లోహానికి బదులు హార్డ్ కార్బన్ ఆనోడ్‌తో (రుణ ధ్రువం) ఫుల్ సెల్ కట్టి, ‘ఖ’, ‘గ’లను పక్కపక్కన నడపండి. అక్కడ సోడియం పరిమితంగానే ఉంటుంది కాబట్టి కాథోడ్ ఉపరితలం మీద ప్రతి ఆవృతిలో జరిగే చిన్న నష్టం కూడా దాచుకోవడానికి వీలులేకుండా సామర్థ్యంలో బయటపడుతుంది.